సీలు మేడమ్ సర్దిన పెట్టె

ఆసుపత్రిలో అక్కకి పెట్టిన పేరు సీలు మేడమ్. ఆపరేషన్లకు కావలసిన కత్తెరలనూ గుడ్డలనూ ఆవిరి పట్టించి, పొట్లాలు కట్టి, సీలు వేసే గదికి ఆమే పెద్ద. ఒక్క పొట్లం అంచు చిరిగినా ట్రే మొత్తం వెనక్కి రావాల్సిందే, అన్నీ మళ్ళీ మొదటినుంచి కట్టాల్సిందే. అక్కడ అది ప్రాణాలు కాపాడే పద్ధతి. ఇంట్లో మాత్రం చెల్లెలి ప్రాణం తోడేసే పద్ధతి.

చెల్లెలు సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది. ఇద్దరికీ పెళ్ళి ఊసు లేదు, ఒకే వాటాలో ఉంటారు. ఈ విదేశీ ప్రయాణం అక్క ఆశ. ఎక్కడో సముద్రం ఒడ్డున, చెల్లెలు పక్కన ఉండగా, వారం రోజులు కాళ్ళు చాపుకుని కూర్చోవాలని. ఆ మాట పైకి అంటే నామోషీ! "నేను తీసుకెళ్ళకపోతే నీ మొహానికి విమానం కూడానా?" అని మాత్రం రోజూ అంటుంది. ఏం మనిషో!

ఇద్దరికీ ఒక్క పెట్టె చాలని తనే తేల్చేసింది. ఏ రోజు బట్టలు ఆ రోజు పొట్లంలో పెట్టి, గాలి తీసి, టేపు అంటించింది. మందులు, చార్జర్లు, చెరో జత బట్టలు చేతిసంచిలో పెట్టింది. చెప్పొద్దూ, వంక పెట్టడానికి లేదు. కానీ ఏ బట్టలు కావాలని చెల్లెల్ని అడిగిన పాపాన పోలేదు.

బయల్దేరే వేళకి చెల్లెలు బుధవారం పొట్లం చింపి, అందులో తన ఎర్ర గౌను కూరుతోంది. అక్క కంటపడింది. అంతే, ఒళ్ళు భగ్గుమంది.

"ఎవర్నడిగి విప్పావే?"

"నా బట్టలకి ఎవర్నడగాలి?"

"నోర్ముయ్! సీలు పోయింది. మొత్తం తీసి మళ్ళీ కట్టాలి."

తీసేసింది కూడా! పెట్టె బోర్లించి, పొట్లాలన్నీ చింపి మంచం మీద కుప్ప పోసి, టేపు కోసం సొరుగులు లాగడం మొదలుపెట్టింది. కింద టాక్సీ హారన్ కొట్టింది.

"అక్కా, మన కోసం విమానం ఆగదే."

"ఆగకపోతే మానేద్దాం. ఇలా చిందరవందరగా నేను గడప దాటను."

చెల్లెలు ఆమెను ఎగాదిగా చూసింది. ఆ చూపులో జాలి లేదు, ఒట్టి ఏవగింపు. కుప్పలోంచి తన బట్టలు నాలుగు లాగి, ప్లాస్టిక్ కవర్లో కుక్కి, పాస్‌పోర్టు అందుకుంది.

"వారం రోజులు నీ గోల లేకుండా బతుకుతాను. చాలు."

అక్క టేపుచుట్ట చేత్తో పట్టుకునే మెట్లు దిగి వెంటపడింది. టాక్సీ తలుపు పట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక అననిది అనేసింది.

"నువ్వు పక్కన లేకపోతే నాకు ఏ సముద్రమూ వద్దే. కాసేపు ఆగు, ఇప్పుడే సర్దేస్తాను."

డ్రైవర్ వెనక్కి తిరిగి, "మీ అక్కగారు ఎక్కుతారా?" అన్నాడు.

చెల్లెలు ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి తలుపు మూసుకుంది.

"ఆవిడా? ఆవిడ రారు. పోనివ్వండి."