జొన్న పిలకలు

"చెట్టు తల్లి లెక్క. తల్లి విషం పెడ్తదా?" అనే ముందు మా బావ కళ్లు మూసుకునేవాడు. అక్కను చేసుకున్న ఈయనకు కంఠేశ్వర్‌లో పచ్చాకుల రసం అమ్మే దుకాణం ఉండేది. వేల్పూర్‌లోని మా ఇంటికి వచ్చినా మిక్సీ వెంట తెచ్చుకునేవాడు. గన్నేరుకూ ఉమ్మెత్తకూ ఆ తల్లిప్రేమ ఉందా అని నేనడిగితే జాలిగా నవ్వేవాడు. అంత భక్తిగా అజ్ఞానాన్ని అమ్ముకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒక ఎండాకాలం, ఎర్రజొన్న కోసిన చేలో మోళ్లకు లేత పిలకలు వచ్చాయి. తనను ఎవరూ మేయకుండా జొన్న దాచుకునే విషం అలాంటి పిలకల్లోనే ఎక్కువ. ఆకు నమిలితే సైనైడ్ బయటపడుతుంది. అందుకే బాపు బర్రెను కొట్టంలో కట్టేసి బయటికి పోయాడు.

అప్పుడు మా ఇంట్లోనే ఉన్న బావ దాన్ని విప్పి చేలోకి తోలాడు. "పచ్చటిది ఉండంగ ఎండుగడ్డి ఏస్తరా?" అని మాకే నీతి చెప్పాడు. మేము చేలోకి ఉరికేసరికి బర్రె రొప్పుతూ కూలబడింది. డాక్టరు వచ్చేలోపే చచ్చిపోయింది.

"మీరు మందు కొట్టుంటరు. ఆకేం జేస్తది?" అన్నాడు బావ, దాని పక్కనే నిలబడి.

అవ్వ ఏడుపు ఆపింది. గుప్పెడు పిలకలు తెంపి, అందరం ఇంటికొచ్చాక ఆయన మిక్సీ పక్కన పెట్టింది.

"మేం మందు గొట్టలే అల్లుడా. గివి గూడ తల్లి ఇచ్చినయే. రసం జేసుకొని తాగు."

బావ ఈసారి కళ్లు మూసుకోలేదు. ఆ ఆకులు తగలకుండా మిక్సీని మెల్లగా ఎత్తి సంచిలో పెట్టుకున్నాడు.