కారం దోశ కోసం నా ధర్నా

నిన్న దిల్‌సుఖ్‌నగర్ టిఫిన్ సెంటర్‌ల ఓ చిన్న పిల్ల "నాకు కారం దోశ" అంటే, వాళ్లమ్మ "దీనికి ప్లెయిన్ చాలు" అని ఫోన్‌ల పైసలు కట్టేసింది. ఎంత అన్యాయం ఫ్రెండ్స్, ఎంత అన్యాయం!

తెలంగాణ ఉద్యమం రోజులు యాదికున్నయా? రోడ్ల మీద వంటావార్పు, చౌరస్తాకొక ధర్నా. నాకప్పుడు ఏడేండ్లు. ఎల్బీనగర్‌ల ఓ హోటల్ ముందు నాన్న నా చేతిల నోటు పెట్టి, "పో బిడ్డా, ఇయ్యాల నువ్వే తెచ్చుకో" అన్నడు. కౌంటర్ అంకుల్ నా తల మీదికెళ్లి అందరికీ టోకెన్లు ఇస్తుండు. నన్ను చూసి, "పెద్దవాళ్లని పిలువమ్మా" అన్నడు.

చూసిన విద్యే కదా! కౌంటర్ ముందే కింద బైఠాయించిన. "టోకెన్ ఇచ్చేదాక లేవ!"

హోటలంతా నవ్వింది. అంకుల్ నోటు తీసుకుని, "సరే నాయకురాలా, ఏం కావాలో చెప్పండి" అన్నడు.

"కారం దోశ. కారం ఎక్కువ."

మొదటి ముక్కకే కండ్లు, ముక్కు ఏకధారగా కారినయి. పక్కన కూసున్న నాన్న, "ప్లెయిన్ తేవాల్నా?" అన్నడు. వేరేటోళ్లు చెప్పిన దోశైతే అక్కడ్నే ఏడ్చేదాన్ని. ఇది నేను చెప్పిన దోశ.

ప్లేటు నా దిక్కు గుంజుకుని, "ఏం వద్దు, మస్తుంది" అన్న. "నువ్ జర జల్ది నీళ్లు తే!"