కార్తీకంలో రొయ్యల వాసన

నేను తణుకు కాపురానికొచ్చిన మొదటి కార్తీకంలో మా అత్తగారు రోజూ నా చేతులు వాసన చూసేవారు. ప్రసాదం పెడతానని పిలిచి, వేళ్ళు పట్టుకుని ముక్కు ఎగబీల్చేవారు.

"నీచు వాసనేంటమ్మా? ఇంకోసారి వచ్చిందంటే మీ నాన్నగారిని పిలిపిస్తాను."

ఒళ్ళు మండిపోయేది. ఆ నెలంతా ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగం. కానీ మా పుట్టిల్లు నరసాపురం వైపు. చేప లేనిదే నాకు ముద్ద దిగదని ఆవిడ గట్టి నమ్మకం. నాన్న వచ్చి ఆ గుమ్మంలో తలదించుకు నిలబడటం తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

చిత్రమేమిటంటే, వాసన నాకూ తగులుతోంది. పెరట్లోంచి.

పెరట్లో మా ఆయన నీలం డ్రమ్ము ఉంది. ఉప్పునీటి చేపల్ని పెంచాలని మద్రాసు నుంచి ఎండు పగడపు రాళ్ళు తెప్పించి, సముద్రపు నీళ్ళలో నానబెట్టి, చిన్న మోటారు పెట్టారు. రాళ్ళలో సూక్ష్మజీవులు పుట్టాకే చేపల్ని వదలాలట. మూత మాత్రం ఎవర్నీ తియ్యనిచ్చేవారు కాదు. పప్పులో ఉప్పు తగ్గితే ఊరుకోని మనిషి, వాళ్ళమ్మ నా చేతులు వాసన చూస్తుంటే తలొంచుకుని తినేవారు. అక్కడే నాకు అనుమానం పట్టుకుంది.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మూత తీశాను. అబ్బ, ఏం కంపని అరిచేశాను! తెల్లటి రాళ్ళ మధ్య, పల్చటి గుడ్డలో మూటగట్టి, కుళ్ళిన రొయ్యలు.

తల తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చారాయన. "అరవకే బాబూ! అవి కుళ్ళితేనే సూక్ష్మజీవులు పెరిగేది. అమ్మకి తెలిస్తే అంతా పారబోయిస్తుంది. ఈ నెల గడిచేదాకా ఓర్చుకో."

"మరి నన్నంటుంటేనో?"

ఆయన వంగి మోటారు సర్దుకుంటున్నారు.

"అత్తయ్యగారూ! ఒకసారి ఇలా రండి!" అని కేకేశాను.

ఆవిడ వచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, డ్రమ్ములోకి తొంగి చూశారు. తరవాత నా వైపు తిరిగారు.

"ఓసి నీ దుంపతెగా! ఇందులో దాచావా?"

నేను మా ఆయన వంకే చూస్తూ నిలబడ్డాను. ఆయన మోటారు వదిలి లేచారు. "నేనే వేశానమ్మా. రాళ్ళ కోసం."

"నువ్వా నాన్నా?" ఆవిడ గొంతు మెత్తబడిపోయింది. "చదువుకున్నవాడివి, ఏదో ఉంటుందిలే. మూత సరిగ్గా పెట్టుకో."

నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి నాతో అన్నారు. "నువ్వెళ్ళి తలస్నానం చెయ్యి. మూత ముట్టుకున్నావు."