శకుంతల ఆంటీ దిక్సూచి పువ్వు

ఈ ఉదయం పెరట్లో పైపుతో నీళ్ళు పడుతుంటే ఒక ఆకు కాడ విరిగి, దాని జిగురు నా వేళ్ళకి అంటుకుంది. సబ్బు పెట్టి కడిగినా వదలలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాక కూడా చేతిలోంచి గుగ్గిలం వాసన వస్తూనే ఉంది. మీటింగ్‌లో ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క తలకెక్కలేదు. ఆ వాసన వస్తే నాకు శకుంతల ఆంటీ వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

షామ్‌బర్గ్‌లో మా ఇంటిని ఆనుకునే ఆవిడ ఇల్లు. రిటైరైన నర్సు, భర్త పోయారు, ఒక్కతే కూతురు, విమానమెక్కి వెళ్ళాల్సినంత దూరంలో, శాన్ రామన్‌లో ఉండేది. మా రెండు పెరళ్ళ మధ్య సన్నటి మట్టిపట్టీలో ఆంటీ ఒక మొక్క పెంచేది, ఈ జిగురు దానిదే. ఇళ్ళూ రోడ్లూ రాకముందు ఈ ఇలినాయ్ మైదానాల నిండా అదే ఉండేదట. పువ్వు పొద్దుతిరుగుడుకి చెల్లెలిలా పసుపుపచ్చగా ఉంటుంది. చీలికలు చీలికలుగా ఉండే గరుకు ఆకులు అంచుల్ని ఉత్తర దక్షిణాలకి తిప్పుకుని నిలబడతాయి. అందుకే దాన్ని ఇంగ్లీషులో కంపాస్ ప్లాంట్ అంటారు, ఆంటీ మాత్రం దిక్సూచి అనేది. ఇల్లు చూడడానికి వచ్చిన రోజు మావారు వాస్తు కోసం ఫోన్‌లో కంపాస్ తెరిచి తూర్పు వెతుక్కుంటుంటే, "అబ్బాయ్, ఫోనెందుకు, నా మొక్కనడుగు, చెప్తుంది" అని పక్క పెరట్లోంచి ఒక గొంతు వినిపించింది. మా పరిచయం అలా మొదలైంది.

అప్పట్లో నాది డిపెండెంట్ వీసా. హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వదులుకుని వచ్చాను, ఇక్కడ పనిచేయడానికి వీల్లేదు. గిన్నెలు తోమడం, గోడలు చూడడం, ఏడవడం, ఇవే నా డ్యూటీలు. ఏడ్చిన ముఖంతో పెరట్లోకి వెళ్తే ఆంటీ ఓదార్చేది కాదు, చేతిలో పైపు పెట్టేది. "ఏడుస్తూనే పట్టు, నీళ్ళు కలిసొస్తాయి" అనేది. ముందు ఒళ్ళు మండేది, ఆ తర్వాత నవ్వొచ్చేది.

"ఇన్నేళ్ళయింది, ఒక్క మొగ్గ లేదు. ఎందుకాంటీ ఈ దండగ మొక్క?" అన్నాను ఒకసారి.

"పైనుంచి చూస్తే నీకు దండగే. కింద వేరు మనిషి నిలువు దాటి దిగుతుందే. ఆ పనయ్యేదాకా పువ్వు జోలికి రాదు." కలుపు పీకడం ఆపి నావైపు చూసింది. "నువ్వు మాత్రం ఏం చేస్తున్నావ్? వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఆ టీవీ ముందేనా? ఏదో ఒక కోర్స్ చెయ్యవే తల్లీ."

ఆవిడ పోరు పడలేక చదవడం మొదలుపెట్టాను. పర్మిట్ వచ్చిన కొద్ది నెలలకే ఉద్యోగమూ వచ్చింది. మొదటి జీతంతో చీర కొనిస్తే, "చీరెందుకే, రెండు బస్తాల ఎరువు తెస్తే పోయేదిగా" అని దెప్పింది. కానీ ఆ చీర ఆ వారమే కట్టుకుంది.

మరుసటి వేసవిలో మొక్క మధ్యలోంచి కాడ లేచింది. చూస్తుండగానే మా తలలు దాటి పోయింది. ఆంటీ రోజూ కాఫీ కప్పుతో దాని పక్కన నిలబడి తల వెనక్కి వాల్చి చూసుకునేది. తీరా మొగ్గలు కట్టేవేళకి కూతురికి పురుడు వచ్చిపడింది.

"విచ్చుకుంటే ఫోటోలు పంపుతాన్లెండి" అన్నాను ఎయిర్‌పోర్ట్‌లో దింపుతూ.

"పంపావంటే చంపుతా! ఇన్నాళ్ళు కాచుకున్నది ఫోన్‌లో చూడడానికా? నేనొచ్చి చూస్తా. ఒకదాని తర్వాత ఒకటి పూస్తూనే ఉంటుంది, తొందరేం లేదు."

ఆ నెలలోనే మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. పొద్దున్నే గిన్నె పట్టుకుని ఇరుగుపొరుగు పెరళ్ళలో పూలు కోసుకురావడం అమ్మకి ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. దేవుడికి కోస్తే దొంగతనం కాదన్నది మా ఊరందరి సిద్ధాంతం. శ్రావణ శుక్రవారం నేను ఆఫీస్‌లో ఉన్నాను. ఆంటీ ఆ సాయంత్రమే వస్తోంది. నేను ఇల్లు చేరేసరికి కాడ మొదలంటా విరిగి నేలమీద వాలి ఉంది. పువ్వులు అమ్మకి అందలేదట, కాస్త వంచిందట. పూసినవీ మొగ్గలూ అన్నీ అమ్మవారి పటం ముందున్నాయి.

ఏం చెప్పాలో తోచేలోపే అమ్మ వెళ్ళి అప్పుడే ఇల్లు చేరిన ఆంటీని తాంబూలానికి పిలుచుకొచ్చింది. "చూశారా వదినగారూ, మీ పెరటి పువ్వులే! అమ్మవారు ఎలా వెలిగిపోతోందో!" అంది మురిసిపోతూ.

ఆంటీ పటం ముందు కూర్చుంది. ఒక పువ్వుని వేలితో మెల్లగా తాకింది.

"మొదటి పూత అమ్మవారికే చెందాలి వదినగారూ. మంచి పని చేశారు" అంది.

గుమ్మం దాకా సాగనంపుతూ నేను ఏడ్చేశాను. ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ అమ్మకి మాత్రం చెప్పకు. తెలిస్తే పాపం అన్నం సహించదు ఆవిడకి." ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. ఆ కళ్ళు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ శీతాకాలమే ఇల్లమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మొక్కని తవ్వి తీసుకెళ్ళమంటే, అంత లోతు వేరు మనవల్ల కాదు, తెగితే చస్తుందంది. మరుసటి ఏడు ఆకులే వచ్చాయి. ఆ పై ఏడు మొక్క మళ్ళీ కాడ వేసింది కానీ, అది పూసేలోపే శాన్ రామన్‌లో ఆంటీ పోయింది. నిలబడ్డ కాడ మీద ఆ పువ్వుని ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. దానికి నేను ఎన్నిసార్లు బాధపడ్డానో చెప్పలేను.

ఇప్పుడు మళ్ళీ శ్రావణం. కాడ నిండా పువ్వులున్నాయి. మా ఇంట్లో వాటిని కోయం, కుంకుమ గిన్నె పట్టుకుని నేనే పెరట్లోకి వెళ్ళి మొక్కకే బొట్టు పెడతాను. మీటింగ్ అయ్యాక అమ్మ ఫోన్ చేసింది. అమ్మకి ఈనాటికీ సంగతి తెలియదు.

"మీ ఆంటీ పువ్వులు పూశాయా? ఆ రోజు పూజ ఎంత బాగా జరిగిందే! ఏదీ, ఒక ఫోటో పంపు."

"ఫోటోలో చూసేవి కావమ్మా. నువ్వొచ్చి చూద్దువుగాని" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "తొందరగా రా" అన్నాను.