నీలాస్ బండి క్రాంకు

మా అక్క రావ్నా గోళ్ళ కింద నల్లటి నూనె ఎప్పుడూ ఉంటుంది, చర్చికి వెళ్ళే రోజున కూడా. భర్త పోయేనాటికి కొడుకు నీలాస్ ఇంకా తప్పటడుగులు వేస్తున్నాడు. రెయిన్‌డీర్ మంద వెనక తిరగాలంటే మంచు మీద నడిచే ఇంజను బండి కావాలి. అది మొరాయించినప్పుడల్లా ఊళ్ళోవాళ్ళ గడ్డం పట్టుకుని బతిమాలడం మా అక్క వల్ల కాలేదు. తనే పానాలు పట్టింది. కొన్నేళ్ళకి ఊరి బండ్లన్నీ ఆమె షెడ్డుకే రావడం మొదలైంది. తెచ్చినవాడిని ముందు నాలుగు తిట్టేది. "బండిని ఇలా చంపుకుతిన్నావేంరా" అనేది. తిట్టాకే మూత తీసేది.

నీలాస్ పెద్దవాడై మందలో చేరాడు. కిందటేడు కాక ఆపై ఏడు వసంతంలో, గడ్డకట్టిన సరస్సు దాటుతుండగా, ఏరు వచ్చి కలిసే చోట మంచు విరిగి బండితో సహా మునిగిపోయాడు. మనిషిని మర్నాడు తీశారు. బండిని వేసవిలో గొలుసులు వేసి లాగారు. ఆ లాగడంలో ఇంజనును బండికి బిగించే కాలు విరిగిపోయింది, ఆ ఇంజను ఇక ఏ బండిలోనూ కూర్చోదు. అప్పటినుంచీ అది షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఉంది. మా ఫిన్‌మార్క్‌లో ప్రతి ఇంటి వెనకా పాత బండ్లు పడి ఉంటాయి, ఎవరికి కావలసిన సామాను వాళ్ళు ఊడదీసుకుంటారు. దాని జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అక్క కూడా కొడుకు పేరు ఎత్తడం మానేసింది.

ఈ ఏడు ఏప్రిల్ చివర్లో అక్క మరిది ఇస్సాత్ బండి చెడిపోతే, మందలో పనిచేసేవాడొకడు దాన్ని తన బండికి కట్టి, ఇస్సాత్‌తో సహా లాక్కొచ్చి అక్క ముంగిట్లో వదిలాడు. లాక్కొచ్చినవాడు కాఫీ కూడా తాగకుండా మంద దగ్గరికి తిరిగి పరిగెత్తాడు. తప్పిపోయిన ఒక ఆడ రెయిన్‌డీర్‌ని తరుముతూ ఇస్సాత్ మంచు కరిగిన రాతినేల మీద బండి తోలాడట. ఈ బండ్లు చల్లబడేదే కిందనుంచి ఎగిరే మంచుతో. ఆ సంగతి వాడికి తెలియదా? బాగా తెలుసు. అది చూలుతో ఉంది కదా అని తెలిసే తోలాడు. ఇంజను సెగలు కక్కి, లోపల ఏదో దబ్బుమని ఆగిపోయింది.

మంద అప్పటికే సరస్సు ఇవతలి ఒడ్డున ఉంది. ఈనే నేల అవతలుంది. ముందు ఒక బండి మచ్చిక చేసిన రెయిన్‌డీర్ పోతును కట్టుకుని దారి చూపాలి, చెరో పక్కా ఒకటి కాయాలి. ఒకటి తగ్గితే మంద మంచు మీద చీలిపోతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే మంచు మోయదు. ఇవతలే ఈనాయంటే ఆ పసికూనలు వరద ఏళ్ళు ఈదలేవు. ఇస్సాత్ ఇంటిల్లిపాదీ బతికేది ఆ దూడల మీదే. మిగతా మందలవాళ్ళు అప్పటికే దాటిపోయారు, అడుగుదామన్నా ఇరుగుపొరుగు లేరు.

అక్క ఇంజను తాడు లాగి చూసింది. ఒక పక్క పిస్టను కదిలింది, రెండోది ఉలకలేదు. ఈసారి తిట్లు కూడా లేవు. ఇంజను దించి, రెండు బద్దలుగా విప్పింది. పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంకు షాఫ్టు, మధ్యకు విరిగి ఉంది. కొత్తది పట్నంనుంచి రావాలంటే వారం పైమాటే.

లోపలికొచ్చి కాఫీ పోసుకున్నాం. అలాంటి క్రాంకు ఇంకెక్కడ ఉందో ముగ్గురికీ తెలుసు. నీలాస్‌దీ అదే రకం బండి, ఇద్దరూ ఒకేసారి కొన్నారు. ఇస్సాత్ మా అలవాటు ప్రకారం ఎండుమాంసం ముక్క కోసి కాఫీలో వేసుకున్నాడు. గాలి దక్షిణం తిరిగింది, వెచ్చబడుతుందన్నాడు. అక్క అవునంది. కిటికీకేసి చూసి, పొద్దున నేల గట్టిగానే ఉందన్నాడు. అక్క మళ్ళీ అవునంది. నాకు ఒళ్ళు మండుకొచ్చింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా వాళ్ళలో నోరు తెరిచి అడిగితే అమ్మయినా మొహం తిప్పుకుంటుంది. ఇచ్చేవాళ్ళే ఇస్తామనాలి. మందలు పోయినా సరే, ఈ మర్యాద మాత్రం పోకూడదు.

"ఎంతసేపిలా గాలి గురించి మాట్లాడతారు?" అన్నాను. "అక్కడ ఆడవి ఈనేలా ఉంటే."

"నువ్వూరుకో" అంది అక్క. "అతను అడగడు. అతని బదులు నువ్వు అడక్కు."

ఇస్సాత్ తల వంచుకున్నాడు. నీలాస్‌కి దూడల్ని పట్టే తాడు విసరడం నేర్పింది అతనే. ఆ రోజు మంచు మీద బోర్లా పడుకుని వాడికోసం చెయ్యి చాచిందీ అతనే.

అక్క ఇస్సాత్‌కేసి తిరిగి అడిగింది. "ఎక్కణ్ణించి దాటిస్తావు?"

"సరస్సు పై వైపునుంచి, వదినా. ఏటి దరిదాపులకి పోను. పోతును పట్టుకుని చుట్టు తిరిగి పోతా."

"పొద్దెక్కాక మంచు మీద కాలు పెట్టకు."

"పెట్టను."

"నీ మాట కాదు నాకు కావలసింది. మంచు తొలిచి మందం చూసుకుంటూ పో."

"అలాగే, వదినా."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "అయితే వెళ్ళి ఆ టార్పాలిన్ తియ్యి."

నీళ్ళలో నానిన ఇంజను కదా, తుప్పు ముద్దే దొరుకుతుందనుకున్నాను. విప్పితే క్రాంకు తళతళలాడుతోంది. బేరింగులు వేలితో తిప్పితే నూనెలో మెత్తగా తిరిగాయి.

"ఇదెలా ఇలా ఉంది?" అన్నాను.

"బయటికి తీసిన రోజునే నూనె పోశాను. అప్పుడప్పుడూ తాడు లాగి తిప్పుతున్నాను."

"అది మళ్ళీ నడవదని తెలుసుగా అక్కా."

"తెలుసు."

 పక్కింట్లో ఉంటాను, రోజూ మొహాలు చూసుకుంటాం, ఆ తాడు చప్పుడు ఒక్కసారీ నా చెవిన పడలేదు. ఇస్సాత్ వాకిట్లోకి వెళ్ళి మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. అక్క అతన్ని పిలిచింది. "పనుంది, రా. పెట్రోలుతో నీ ఇంజను డొప్ప కడుగు. ఇనుప రవ్వ ఒక్కటి మిగిలినా ఇది కూడా పోతుంది."

ఆమె కొత్త సీళ్ళు ఎక్కించి, క్రాంకు కూర్చోబెట్టి, బోల్టులు కొంచెం కొంచెంగా అటొకటి ఇటొకటి బిగించింది. చెయ్యి ఒక్కసారీ తడబడలేదు. ఇంజను బండిలోకి ఎక్కాక తాడు తనే లాగింది. మొదట దగ్గింది, నీలం పొగ వదిలింది, తరవాత అందుకుంది. మూత మీద అరచెయ్యి ఆనించి కాసేపు విన్నది.

"మొదట్లో గట్టిగా తోలకు" అంది. "రాళ్ళ మీదికి తీసుకుపోయావో, నా షెడ్డు గుమ్మం తొక్కకు."

"తొక్కను, వదినా."

మర్నాడు పొద్దున ఇస్సాత్ ఫోన్ చేశాడు. అందరూ దాటారు, మందంతా దాటింది. అక్క "ఊఁ" అని ఫోన్ పెట్టేసి, పట్టపగలు దుప్పటి ముసుగేసుకుని సాయంత్రం దాకా పడుకుంది.

జులైలో దూడల చెవులు కోయడానికి అందరం దొడ్డి దగ్గర చేరాం. మాలో పుట్టిన ప్రతివాడికీ ఒక గుర్తు ఉంటుంది. దూడ చెవిలో ఆ గుర్తు కోస్తే అది వాడిది. నీలాస్ పోయాక వాడి రెయిన్‌డీర్ ఆవుల దూడలకు అక్క తన గుర్తే కోస్తోంది. వాడి గుర్తు కోయడానికి ఆమెకు చెయ్యి రావడం లేదు. మనిషితో గుర్తు కూడా పోయినట్టేనని ఊరంతా అనుకుంది.

ఇస్సాత్ తాడు విసిరి, తన ఆవు వెనక తిరుగుతున్న ఒక ఆడదూడని పట్టాడు. మోసుకొచ్చి అక్క కాళ్ళ దగ్గర పడుకోబెట్టి, మోకాళ్ళతో నొక్కి పట్టాడు.

"వదినా, ఇది నీలాస్‌ది" అన్నాడు.

మందకి మంద పెరిగేది ఆడదూడ వల్లనే. అలాంటిది ఎవరూ ఊరికే ఇవ్వరు.  అక్క వంగి కత్తి తీసింది. నీలాస్ గుర్తే కోసింది. ఒక చెవి, తరవాత రెండోది.

"వంకరగా వచ్చింది" అంది. "నీలాస్ చూస్తే వెక్కిరించేవాడు."

ఇస్సాత్ దూడని వదిలాడు. అక్క కత్తి మోకాలికి తుడుచుకుని, దొడ్డిలో మందనంతా కళ్ళతో వెతికింది.

"అదిగో, ఆ తెల్లకాళ్ళ ఆవు వాడిదే" అంది. "దాని దూడని కూడా పట్టుకురా."