ఉగారిత్ మాటలు, మా ఆయన బొటనవేలు

చర్చిలో ప్రసంగీకులు వేదిక ఎక్కి, "ఈ మాటకు మూలభాషలో అర్థం ఏమిటంటే..." అని మొదలుపెట్టగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఒక ఆదివారం ఒకాయన "ప్రేమ"కు మూలం పావురం అన్నాడు. ఇంకో ఆదివారం ఇంకొకాయన అదే మాటకు మూలం బండరాయి అన్నాడు. అందరూ తలలూపారు. అడిగే నాథుడు లేడు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరవగానే, వీళ్ళ సంగతి తేల్చాల్సిందే అనుకుని ఆన్‌లైన్‌లో బైబిల్ హీబ్రూ క్లాసులో చేరాను.

మా మాస్టారు క్రైస్తవ వేదాంత కళాశాలలో పాఠాలు చెప్పి చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. విశ్రాంతి ఆయన ఒంటికి పడదని మాకు మొదటి వారమే తెలిసిపోయింది. "హీబ్రూ ఒక్కటే నేర్చుకుంటే, సంబంధానికి వెళ్ళి పిల్లను మాత్రమే చూసి వచ్చినట్టమ్మా. అక్కచెల్లెళ్ళను, మేనత్తలను కూడా చూడాలి కదా!" అంటూ హీబ్రూకు చుట్టాలైన పాత భాషలన్నీ తెచ్చి మా నెత్తిన పెట్టారు. వాటన్నిటిలోకీ ఆయనకు ముద్దుబిడ్డ ఉగారిటిక్. సిరియా సముద్రతీరాన మూడు వేల ఏళ్ళకు పైగా మట్టికింద పడివున్న ఉగారిత్ అనే ఊరి భాష అది. మట్టిపలకల మీద మేకులు గుచ్చినట్టుండే అక్షరాలు. మాట్లాడేవాడు ఒక్కడూ మిగల్లేదు.

"గా సచ్చినోళ్ళ భాష నేర్చుకొని ఎవలతోటి మాట్లాడ్తవే?" అన్నారు మా ఆయన.

"మీతోనే మాట్లాడతానండీ. తెలుగులో చెబితే వింటున్నారా ఏమన్నా?" అన్నాను.

మాది బందరు వైపు, ఆయనది మెదక్. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను "అండీ" వదల్లేదు, ఆయన "ఏందే" వదల్లేదు.

ఆయన అబిడ్స్‌లో పెళ్ళికార్డుల దుకాణం నడిపారు. అచ్చుకు వెళ్ళేముందు ప్రతి కార్డూ ఆయన కళ్ళకింద నుంచి పోవాల్సిందే. పెళ్ళికొడుకు పేరులో దీర్ఘం ఎగిరిపోయినా, మామగారి పేరు మేనమామ చోట పడినా ఆయనకు బీపీ పెరిగేది. ఆ జబ్బు దుకాణంతో ఆగలేదు. హోటల్లో మెనూ ఇస్తే తిండి సంగతి తర్వాత, ముందు తప్పులు దిద్దేవారు. అబిడ్స్‌లో ఆయనతో నడవడమంటే ప్రతి బోర్డు దగ్గరా ఆగి, "చూడు, గిట్ల రాసిన్రు" అనే మాట వినడమే.

దుకాణం మూసేశాక మిగిలిపోయిన ఖాళీ అట్టలు నాంపల్లి స్టేషన్ వెనక మా ఫ్లాటులో అటక నిండా ఉన్నాయి. వాటిని ముక్కలుగా కోసి, పైన ఉగారిటిక్ మాట తెలుగు అక్షరాల్లో, కింద దాని అర్థం రాసుకున్నాను. అర్థాన్ని బొటనవేలితో మూసి కార్డు పట్టుకుని, నా చేత అప్పజెప్పించుకోవడం ఆయన డ్యూటీ.

"బేత్?"

"ఇల్లు."

"లహ్మ్?"

"రొట్టె. హీబ్రూలోనూ రొట్టే. అరబ్బీలో మాత్రం మాంసం."

ఆయన బొటనవేలు తీయకుండానే తేల్చేశారు. "రొట్టె తినెటోనికి రొట్టె, మాంసం తినెటోనికి మాంసం. ఎవని కూడు వానిది. గిందుల ఏమున్నది?"

మాస్టారు క్లాసంతా ఖర్చుపెట్టి చెప్పింది కూడా అదే.

తప్పు చెబితే మాత్రం కార్డు నా ముక్కు ముందు ఊపుతూ ఇల్లు పీకి పందిరేసేవారు. కట్ట మొత్తం తప్పు లేకుండా అప్పజెప్పిన రోజు మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం. ఆ ఐస్‌క్రీం నేను తిన్నది తక్కువేలెండి.

పోయిన వేసవిలో ఆయనకు స్ట్రోక్ వచ్చింది. ప్రాణం దక్కింది. నడక వచ్చింది. కుడిచెయ్యి కాస్త మొండికేసింది. మాట మాత్రం పోయింది. మనుషులను గుర్తుపడతారు, మనం చెప్పింది అర్థమవుతుంది, తిరిగి చెప్పబోతే మాట దొరకదు. అన్నిటికీ ఒకటే: "గదే". నీళ్ళు కావాలన్నా గదే, ఫ్యాను ఆపమన్నా గదే. రోజంతా గలగలా వాగే మనిషి అలా అయిపోతే ఇల్లు బావురుమంటుంది. నేను బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని.

లక్డీకాపూల్‌లో మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో తీసుకువెళ్ళేదాన్ని. చిన్నపిల్ల, బంగారం లాంటి పిల్ల. బొమ్మల కార్డులు చూపించేది.

"అంకుల్, ఇదేంది? జర చూసి చెప్పుండ్రి."

ఆవు. ఆయన ఆవును చూశారు, ఆ పిల్లను చూశారు, గోడవైపు తిరిగారు. ఎప్పుడు వెళ్ళినా అంతే. ఊరందరి కార్డుల్లో తప్పులు పట్టిన మనిషికి ఆవు బొమ్మ కార్డు చూపిస్తే మరి రోషం రాదూ?

"ఫికర్ చెయ్యకుండ్రి ఆంటీ. కానీ అంకుల్ నోరు తెరవాలె గదా" అంది ఆ పిల్ల.

నా చదువు అటకెక్కింది. కొన్నాళ్ళకు మాస్టారు ఫోన్ చేసి, "నోటిపరీక్ష పెడుతున్నానమ్మా. వీలైతే రా, లేకపోతే బెంగపడకు" అన్నారు. ఆ సాయంత్రం ఏమీ తోచక కార్డుల కట్ట దింపి మంచం మీద పెట్టాను. ఆయన ఎడమచెయ్యి చాచి కట్ట లాక్కున్నారు. ఒక కార్డు తీసి, అర్థాన్ని బొటనవేలితో మూసి, నా మొహానికి ఎదురుగా పెట్టారు. "ఏన్" అని ఉంది. ఏన్ అంటే కన్ను, యేన్ అంటే ద్రాక్షారసం. ఈ రెండూ నాకెప్పుడూ తికమకే.

"ద్రాక్షారసం," అన్నాను.

కార్డు ఊగింది. "గదే... గదే కాదు... కన్ను! కన్ను!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పొద్దున్నే ఆవును ఆవు అనలేకపోయిన మనిషి! అడిగితే రాని మాట, తప్పు వినబడితే వచ్చింది.

అంతే, ఆ రోజు నుంచి నేను అబద్ధాలకోరునైపోయాను. నహర్ అంటే కొండ అన్నాను. "నది!" అని అరిచారు. మల్క్ అంటే గాడిద అన్నాను. "రాజు!" అన్నారు. బేత్ అంటే బావి అన్నందుకు అంతెత్తున లేచారు. కల్బ్ అంటే కుక్క. దాన్ని నేను రోజూ పిల్లి అనేదాన్ని, ఎందుకంటే ఆ మాట దగ్గర ఆయన గొంతు పాత దుకాణం గొంతులా వినిపించేది.

భయం మాత్రం ఉండేది. ఇదంతా నాటకమని తెలిస్తే, ఆవు బొమ్మకు పట్టిన గతే నా కార్డులకూ పడుతుంది. మళ్ళీ గోడవైపు తిరిగిపోతారు. అందుకని మధ్యమధ్య కొన్ని సరిగ్గా చెప్పేదాన్ని. తప్పు చెప్పాక, "అయ్యో నా బుర్ర మండ!" అని నెత్తి కొట్టుకునేదాన్ని.

డాక్టరమ్మ సంతోషించింది, కానీ ఆశ పెట్టలేదు. "ఒక్కొక్క మాట వస్తున్నది ఆంటీ. మాటకు మాట కలిపి చెప్పుడు వేరే. అది వస్తదో రాదో నేను చెప్పలేను." చర్చిలో అందరూ ఏమేమో అడుగుతుంటే నేను కళ్ళు మూసుకుని ఒకటే అడిగేదాన్ని: "ప్రభువా, పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. నిండుగా ఒక్క తిట్టు తిట్టించు, చాలు."

పరీక్ష శనివారం సాయంత్రం. ఫోన్‌ను నీళ్ళసీసాకు ఆనించి కూర్చున్నాను. తెర మీద మాస్టారూ, క్లాసులో మిగతావాళ్ళూ. నా వెనక మంచం మీద ఆయన. మొదట్లో బాగానే సాగింది. సముద్రం, వెండి, పాలు అన్నీ గడగడా చెప్పేశాను.

"కల్బ్?" అన్నారు మాస్టారు.

"పిల్లి," అన్నాను.

నోటికి పట్టిన అలవాటు, జారిపోయింది. మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని, "మరోసారి ఆలోచించమ్మా" అనేలోపే వెనక మంచం కిర్రుమంది.

"కుక్క!"

తిరిగి చూస్తే ఆయన లేచి నిలబడి ఉన్నారు. ఎడమచెయ్యి నా వైపు ఊపుతున్నారు.

"కుక్కనే! దినాం నాతోటి తప్పు జెప్పి జెప్పి... గిప్పుడు గీడ గూడ తప్పే జెప్తున్నవ్!" ఆగి ఊపిరి తీసుకున్నారు. "కావాల్నని జేస్తున్నవని... నాకెర్క లేదనుకున్నవా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయనకు తెలుసు. తెలిసి కూడా, రోజూ ఆ కట్ట పట్టుకుని నా పిచ్చి తప్పులన్నీ దిద్దుతూ కూర్చున్నారు.

"ఎవరమ్మా అది?" అన్నారు మాస్టారు.

"మా ఆయనండీ," అన్నాను. "మాట్లాడుతున్నారు."