గుమ్మానికి అడ్డంగా పడుకున్న అక్క

నా చిన్నప్పుడు కువైట్‌లో మేమున్న ఫ్లాటులో వంటింటికి తలుపుండేది గానీ ఎప్పుడూ వేసేవాళ్లం కాదు. వేస్తే లోపలి ఉక్కకి మా అమ్మ సొమ్మసిల్లి పడిపోయేది. మాది కోనసీమ. మా నాన్న షుఐబాలో చమురు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు, ఇంట్లో ఉన్నప్పుడల్లా నిద్రలో ఉండేవాడు. అమ్మది పిండివంటల్లో మంచి చెయ్యి. అక్కడి మనవాళ్ల ఇళ్లలో ఎవరికి శ్రీమంతమైనా అరిసెలు మా ఇంట్లోంచే వెళ్లేవి. అంత పెద్ద గిన్నె గట్టు మీద నిలవదు, నిలబడి పాకం తిప్పితే భుజాలు పడిపోతాయి. అందుకని ఊళ్లో లాగే పొయ్యి కింద పెట్టుకుని, పీట వేసుకుని కూర్చునేది. చిక్కల్లా అక్కడే వచ్చింది. మాకప్పుడు రెండేళ్ల తమ్ముడున్నాడు, వాడికి బెల్లం వాసన తగిలితే కాలు ఆగేది కాదు.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతోంది, నా మోకాళ్లకి ఎనభై దాటాయి. చలిదేశాల్లో చిన్న చిన్న ఊళ్ల జట్లకి జీతానికి ఐస్ హాకీ ఆడి బతికానంటే మనవాళ్లు ముందు నవ్వుతారు, ఆ తర్వాత ఎన్ని గోల్స్ కొట్టావని అడుగుతారు. నేను డిఫెన్స్ వాణ్ణి నాయనా, గోల్ కొట్టడం నా పని కాదు, పడనివ్వకపోవడం నా పని. ఎదుటివాడు నల్ల రబ్బరు బిళ్లని కర్రతో తోసుకుంటూ మీదికొస్తుంటే, మంచు మీద వెనక్కి వెనక్కి జారుతూ వాడికి అడ్డం పడాలి. ఆ బిళ్లనే పక్ అంటారు. కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది, పడకుండా ఆపినవాడి పేరు ఇంటావిడకి కూడా గుర్తుండదు. ఈ మాట చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

ఆ పని నాకు నేర్పింది కోచ్ అనుకుంటారు అందరూ. కాదు, మా పక్కింటి అక్క. ఆమెది కడప. ఆమె భర్త అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో పనిచేస్తూ మా పక్క ఫ్లాటులో ఒక గదిలో ఉండేవాడు. ఆమె మాత్రం మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పిల్లల్ని చూసుకుంటూ అక్కడే ఉండేది, శుక్రవారం ఒక్కరోజే ఇటు వచ్చేది. ఆ ఇంట్లో చంటిబిడ్డ రాత్రుళ్లు ఏడిస్తే లేచేది ఆమే, పొద్దున్న పెద్దపిల్లల్ని బడికి తయారుచేసేదీ ఆమే. అందుకే శుక్రవారం వస్తూనే మా ఇంట్లో చాప పరుచుకుని సాయంత్రం దాకా పడుకునేది. వారం మొత్తానికి ఆమెకి దక్కే నిద్ర అదే. లేపితే పాపం అనేది మా అమ్మ.

ఆ విల్లాలో పెద్దబ్బాయి నా ఈడువాడు, ఐస్ రింక్‌లో హాకీ ఆడేవాడు. వాడి సంచీ మోసుకుంటూ అక్క కూడా వెళ్లేది. వాడికి పొట్టయిపోయిన స్కేట్లని మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పారెయ్యమంటే, అడిగి తీసుకుని నాకు తెచ్చింది. రింక్‌లో మంచు చదునుచేసే బండి నడిపే ఆయన నాన్నకి స్నేహితుడు కావడంతో నాకూ అందులో చోటు దొరికింది. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ, లోపల చేతులు కొంకర్లు పోయే చలి. నాకు అదొక స్వర్గం. నా బడిలో, నా ఇంట్లో, నా వీధిలో ఎక్కడా నాకంటూ లేని చోటు అక్కడ ఉందనిపించేది.

కోచ్ చలిదేశం నుంచి వచ్చిన ముసలాయన, ముందు పళ్లు లేవు. నాకు కొట్టడం రావట్లేదని వెనక నిలబెట్టాడు. అక్కడా నేను దండగే. ఎవడొచ్చినా వాడి కర్ర మీదికి దూకేవాణ్ణి, వాడు ఇటు చూపించి అటు పోయేవాడు, నేను బోర్లా పడేవాణ్ణి. అందరికంటే ఎక్కువసార్లు నన్ను దాటింది విల్లా అబ్బాయే. ఒక గురువారం కోచ్ నన్ను పిలిచి, శనివారం కూడా వాణ్ణి ఆపలేకపోతే ఇక రావద్దన్నాడు. ఆయనకొచ్చిన అరబ్బీ ముక్క ఒక్కటే, అది నా మీద వాడాడు. ఖలాస్.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు శుక్రవారం, అమ్మ అరిసెలకి పాకం పడుతోంది. తమ్ముణ్ణి పట్టుకోమంటే నేను గోడకి తిరిగి కూర్చున్నాను. అక్క చాప చంకన పెట్టుకుని వచ్చి నన్ను చూసి ఏమైందని అడిగింది. అంతా చెప్పి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, కళ్లు నలుపుకుంటూ కాసేపు నా తమ్ముణ్ణి చూసింది. తర్వాత చాప తెచ్చి సరిగ్గా వంటింటి గుమ్మానికి అడ్డంగా పరిచింది.

మా అమ్మ గగ్గోలు పెట్టింది. గుమ్మంలో కూర్చుంటేనే దరిద్రమంటారు, పడుకుంటావేంటమ్మా అని. అక్క అప్పటికే పడుకుని చెంగు మొహం మీదికి లాక్కుంది.

“కువైట్‌లో గడపలు యాడుండాయిలే అక్కా,” అంది.

నన్ను తన ముందు నిలబడమంది. తమ్ముణ్ణి తనదాకా రానివ్వకూడదు, వాడి మీద చెయ్యి వెయ్యకూడదు, ఏడిపించకూడదు. అంతే పని. ఇదేం చోద్యమని నిలబడ్డాను. వాడు వచ్చాడు. నేను వాడి చేతులు చూస్తే వాడి కాళ్లు ఇంకోవైపు పోయాయి, వంగి పట్టుకోబోతే నా చంక కిందనుంచి దూరిపోయాడు. అయిపోయిందనుకున్నాను. అక్క కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి వాడి లాగు పట్టుకుని ఆపేసింది. మళ్లీ నా ముందుకి తోసింది.

“చేతులు జూడొద్దు, మొగం జూడొద్దు. అవి మోసం చేస్తాయి. వాని బొడ్డు సూడు. బొడ్డు యాడికి తిరిగితే వాడు ఆడికే పోతాడు. నువ్వు మీద పడద్దు, ఎనక్కి నడుచ్చా ఉండు, గోడకాడికి తోలుకోనిపో.”

మొదట నవ్వొచ్చింది. మా తమ్ముడి బొడ్డు కొబ్బరికాయ కన్నులా బయటికి పొడుచుకొచ్చి ఉండేది, చూడకుండా ఉండడమే కష్టం. కాసేపటికి నవ్వు పోయింది. వాడు చేతులు ఎటు ఊపినా, మొహం ఎటు తిప్పినా, ఆ బొడ్డు మాత్రం అబద్ధమాడేది కాదు. నేను దూకడం మానేశాను. వాడు వస్తుంటే వెనక్కి జరిగేవాణ్ణి, జరుగుతూ జరుగుతూ వాణ్ణి బీరువా వైపు మళ్లించేవాణ్ణి, అక్కడ వాడికి దారి ఉండేది కాదు. వాడు నవ్వేవాడు, మళ్లీ వచ్చేవాడు. అమ్మ అరిసెలన్నీ వత్తి, నూనె దించి, పొయ్యి ఆర్పేదాకా వాడు గుమ్మం చేరలేదు. చివరికి అలిసిపోయి నా కాళ్ల దగ్గరే కూలబడ్డాడు, నేనూ కూలబడ్డాను.

అప్పుడు అక్క లేచి కూర్చుంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అప్పుడు నాకేం తెలీదు, నిద్ర మొహం అనుకున్నాను. అమ్మ రెండు అరిసెలు చేతిలో పెడితే తినకుండానే చెంగున కట్టుకుని, టైమైపోయిందని మిష్రిఫ్ వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం విల్లా అబ్బాయి నా మీదికి వచ్చాడు. వాడు కర్ర ఇటు తిప్పాడు, భుజం అటు వంచాడు. నేను వాడి జెర్సీ మీద బొడ్డు ఉండాల్సిన చోటే చూస్తూ వెనక్కి జారాను. వాడు గోడ దాకా వచ్చేశాడు, ఇక పోవడానికి చోటు లేదు. పక్ నా కర్రకి తగిలి ఆగింది, వాడు జారి పడ్డాడు. బెంచీ మీంచి అక్క పరుగెత్తుకొచ్చింది, నన్ను మెచ్చుకుంటుందని మొహం చాటంత చేసుకుని నిలబడ్డాను. ఆమె నేరుగా వాడి దగ్గరికి వెళ్లి మోచేతులు తడిమి చూసింది. నాకు ఒళ్లు మండింది. తర్వాత నా వైపు తిరిగి నా మోచేతులూ అలాగే తడిమింది.

“ఎవురికీ దెబ్బ తగల్ల్యా గదా. సాలు,” అంది.

కోచ్ కూడా పొగడలేదు. సోమవారం త్వరగా రమ్మన్నాడు. పద్ధెనిమిదేళ్లకి నన్ను తన ఊరి జట్టుకి తీసుకెళ్లిందీ ఆయనే.

ఆ తర్వాత ఏళ్ల తరబడి నేను చేసింది వెనక్కి నడవడమే. ఆ ఊళ్ల మధ్య బస్సుల్లో కూర్చుని తెల్లవారేది. భుజం రెండుసార్లు ఊడింది, పళ్లు కోచ్ దారే పట్టాయి. బాగా అలిసిపోయిన ఒక రోజు, ఆట లేని రోజు, హోటల్ గదిలో పడుకున్నా నిద్ర పట్టక ఇటూ అటూ దొర్లుతుంటే ఉన్నట్టుండి ఆ శుక్రవారం గుర్తొచ్చింది. అక్క ఆ వేళ ఒక్క కునుకు కూడా తియ్యలేదు. కళ్లు తెరవకుండా లాగు ఎలా పట్టుకుంటారు ఎవరైనా? చెంగు చాటునుంచి చూస్తూనే ఉంది. నన్ను నమ్మి గుమ్మం నాకు వదిలి, నేను ఆపలేకపోతే పసివాడు పాకంలో పడకుండా తను అడ్డం పడుకుంది. వారానికి ఒక్కటే నిద్ర, అది నాకిచ్చేసింది. ముప్పై దాటిన మగాణ్ణి, దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

ఆట మానేసిన రోజు కడపకి ఫోన్ చేశాను. అప్పటికి ఆమె ఇంటికి చేరిపోయింది. అయిపోయింది అక్కా అన్నాను. గోల్స్ గురించి అడగలేదు, దెబ్బల గురించి అడిగింది. చెప్పాను.

“సాలు నాయినా, ఇంగ పండుకో,” అంది.

ఇప్పుడు మళ్లీ కువైట్‌లోనే ఉన్నాను, సాయంత్రాలు అదే రింక్‌లో పిల్లలకి వెనక్కి జారడం నేర్పుతున్నాను. కోడలికి మా అమ్మ చెయ్యే వచ్చింది, పెద్ద వంటకి పొయ్యి కిందే పెడుతుంది. కోడలు నూనె పెట్టిన రోజు నేను దిండు తెచ్చుకుని వంటింటి గుమ్మంలో అడ్డంగా పడుకుంటాను. ఇంట్లో ఇన్ని మంచాలుండగా ఇదేం బుద్ధని మా ఆవిడ సణుగుతుంది, గడప మీద దరిద్రమని తిడుతుంది, చివరికి నన్ను దాటుకుని లోపలికి పోతుంది. మూడేళ్ల మనవరాలు వచ్చి నా మొహం మీద మొహం పెట్టి, తాతయ్యా నిద్రపోయావా అని అడుగుతుంది. నేను పలకను. నిజంగానే ఒళ్లంతా నిద్ర అడుగుతూ ఉంటుంది. కళ్లు సన్నగా తెరిచి, దాని బొడ్డు ఎటు తిరుగుతుందా అని చూస్తూ ఉంటాను.